పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయి, ఒళ్ళంతా నొప్పి. డాక్టర్ నా చిన్నతనం గురించి ఎందుకు అడిగినట్టు?

గోరింట
మూడు నాలుగేళ్ళుగా మెడ, భుజాలు, నడుము, మోకాళ్ళు అన్నీ నొప్పే. ఈ రోజు ఇక్కడుంటే రేపు మరోచోట. నిద్ర లేచేసరికే అలసట. మా చిన్నవాడు వెనకనుంచి వచ్చి భుజాల మీద వాలితే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. రక్తపరీక్షలు, థైరాయిడ్, విటమిన్ డి, కీళ్ళవాతం పరీక్షలు, ఎమ్మారై అన్నీ అయ్యాయి. ఎందులోనూ ఏమీ లేదు.

పోయిన వారం కీళ్ళవ్యాధుల నిపుణుడికి చూపించుకున్నాను. ఫైబ్రోమయాల్జియా అన్నారు, అంటే పరీక్షల్లో ఏమీ కనిపించకుండానే ఒళ్ళంతా నొప్పి, అలసట ఉండే జబ్బట. అంతవరకు సరే. తర్వాత ఉన్నట్టుండి, చిన్నప్పుడు ఇంట్లో గొడవలు ఉండేవా, ఎవరైనా కొట్టేవారా, అమ్మానాన్నలకు దూరంగా పెరిగారా అని వరసగా ప్రశ్నలు. పక్కనే మా ఆయన కూర్చుని ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటి మోకాలి నొప్పికీ, నా ఏడో ఏట మా ఇంట్లో జరిగినదానికీ ఏమిటి సంబంధం? "నీ నొప్పి ఉత్తదే, అంతా మనసులోనే ఉంది" అనే మాటనే మర్యాదగా చెప్పారా? ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నాను. ఫీజు కట్టి మళ్ళీ వినాలా?

ఇలాంటి ప్రశ్నలు మీలో ఎవరికైనా ఎదురయ్యాయా?

మామిడితోట
అదే అర్థం, ఇంకేముంది. పరీక్షల్లో ఏమీ దొరకకపోతే నెపం మనసు మీదకు నెట్టేస్తారు, అందులోనూ ఆడవాళ్ళనైతే మరీ. మా అక్కకు కూడా "టెన్షన్ తగ్గించుకోండి" అని చెప్పి పంపేవారు. చివరికి వెన్నెముక కీళ్ళలో వాపు అని తేలింది. ఇంకొక డాక్టర్‌కు చూపించండి.

నడుంపట్టీ
ఫిజియోథెరపీ నా వృత్తి, ఇలాంటి నొప్పులతో వచ్చేవాళ్ళను రోజూ చూస్తాను. గోరింట గారూ, ఆ డాక్టర్ అడిగినది మంచి ప్రశ్నే. అడిగిన తీరే బాగాలేదు. ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పాలి, మీరు ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి.

"మనసులో ఉంది" అనే మాటను మాత్రం పూర్తిగా పక్కన పెట్టండి. గాయం దగ్గరనుంచి బయలుదేరే సంకేతాన్ని వెన్నుపాము, మెదడు పెంచగలవు, తగ్గించగలవు. సంకేతాన్ని అడ్డుకునే ఏర్పాటు వెన్నుపాములోనే ఉందని మెల్జాక్, వాల్ 1965లో ప్రతిపాదించారు. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ఎలుకల మీద పనిచేసి, ఒక గాయం తర్వాత వెన్నుపాములోని నాడీకణాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయని చూపించారు. ఆ స్థితిలో మామూలు స్పర్శ కూడా నొప్పిగానే అందుతుంది. మీ అబ్బాయి భుజం మీద వాలినప్పుడు జరుగుతున్నది అదే కావచ్చు. ఎమ్మారైలో ఎముక, డిస్కు, కండరం కనిపిస్తాయి. నాడీవ్యవస్థ ఎంత ఉలికిపాటుతో ఉందో అందులో కనిపించదు.

ఒకసారి దొంగలు పడిన ఇంటి కుక్క ఆ తర్వాత ఆకు కదిలినా మొరుగుతుంది. ఆ మొరుగు నిజమైన మొరుగే. ఇలాంటి నొప్పిని విడిగా ఒక వర్గంగా గుర్తించి అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2017లో నోసిప్లాస్టిక్ నొప్పి అని పేరు కూడా పెట్టింది. చిన్నతనం ప్రశ్న ఎందుకంటే, ఆ ఉలికిపాటు కొందరిలో చాలా ముందే మొదలవుతుంది.

కంచుమేళం
మా తరమంతా బెత్తం దెబ్బలు తిని పెరిగినవాళ్ళమే. నాన్న కొట్టేవారు, మాస్టారు కొట్టేవారు, తోటలో కాయలు కోస్తే తోటమాలీ కొట్టేవాడు. అన్నదమ్ములం అందరం బాగానే ఉన్నాం. డెబ్భైకి దగ్గరపడ్డా పొలం గట్టు మీద నేను నడిచినట్టు నా మనవడు నడవలేడు. ఇప్పుడు ప్రతిదానికీ చిన్నతనాన్ని తవ్వడం ఒక అలవాటుగా మారింది. ఓర్పు తగ్గిందని ఒప్పుకుంటే సరిపోతుంది కదా.

వాన_చినుకు
కంచుమేళం గారూ, మీరు బాగున్నందుకు సంతోషం. నేను హాస్టల్లో దెబ్బలు తిని పెరిగాను, నేను బాగాలేను. పన్నెండేళ్ళకు మొదలైన తలనొప్పి ఇప్పటికీ ఉంది, పొట్ట సంగతి సరేసరి. ఓర్పు లేకపోతే ఇన్నేళ్ళు ఉద్యోగం ఎలా చేసేదాన్ని?

లెక్కలమాస్టారు
అన్నదమ్ముల లెక్కతో ఇది తేలదండి. వేలమందిని చూడాలి.

చాలామంది ఎత్తిచూపేది అమెరికాలోని శాన్ డియాగోలో జరిగిన అధ్యయనం. ఫెలిట్టి, ఆండా అనే ఇద్దరు వైద్యులు 1995 నుంచి 1997 వరకు 17 వేలమందికి పైగా పెద్దవాళ్ళను అడిగారు: పద్దెనిమిదేళ్ళలోపు కొట్టారా, లైంగికంగా వేధించారా, నిర్లక్ష్యం చేశారా, ఇంట్లో తాగుబోతులు ఉన్నారా, తల్లిని కొట్టడం చూశారా, ఇలాంటివి. 1998లో మొదటి ఫలితాలు వచ్చాయి. చేదు అనుభవాల సంఖ్య పెరిగేకొద్దీ గుండెజబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు, కుంగుబాటు అన్నీ పెరిగాయి. అదే సమాచారం నుంచి తరచూ వచ్చే తలనొప్పుల సంగతి కూడా తర్వాత లెక్కగట్టారు. అక్కడా మెట్లు మెట్లుగా పెరుగుదలే.

కానీ నాకు ఒక పేచీ ఉంది. ఇదంతా పెద్దయ్యాక గుర్తు చేసుకుని చెప్పినది. ఇప్పుడు నొప్పితో బాధపడుతున్న మనిషికి పాత చేదు ఎక్కువగా గుర్తు రావడం సహజం. కేథీ స్పాట్జ్ విడమ్ అనే పరిశోధకురాలు దీనికి ఒక దారి వెతికారు. 1967 నుంచి 1971 మధ్య కోర్టు రికార్డులకు ఎక్కిన బాలల హింస, నిర్లక్ష్యం కేసులను తీసుకుని ఆ పిల్లలను పెద్దయ్యేవరకు అనుసరించారు. 2001లో రఫేల్‌తో కలిసి ప్రచురించిన ఫలితం చూడండి. కోర్టు రికార్డులో హింస ఉన్నవాళ్ళకు, లేనివాళ్ళకు మధ్య, కారణం తెలియని నొప్పుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. "నా చిన్నతనంలో హింస జరిగింది" అని తామే చెప్పినవాళ్ళలో మాత్రం తేడా ఉంది. కాబట్టి అంత తొందరగా తీర్పు చెప్పకండి.

మామిడితోట
చూశారా, నేను చెప్పినదే.

లెక్కలమాస్టారు
మామిడితోట గారూ, మీరు చెప్పినది అది కాదండీ. నొప్పి ఉత్తదని ఆ పరిశోధన ఎక్కడా అనలేదు. చిన్నతనానికీ నొప్పికీ ముడి మనం అనుకున్నంత సూటిగా లేదని మాత్రమే అంది.

మాంట్రియల్_మంచు
మాస్టారూ, అదే పరిశోధకులు 2011లో మళ్ళీ వచ్చారు, దాన్ని కూడా కలిపి చూడాలి. హింసకు గురైన పిల్లల్లో ఎవరికైతే పెద్దయ్యాక కూడా ఆ భయం పోలేదో, అంటే పీటీఎస్‌డీ ఉందో, వాళ్ళలో నొప్పి స్పష్టంగా ఎక్కువ. హింస ఒక్కటే కాదు, దాని వెంట మిగిలిపోయిన భయం కలిసినప్పుడు ముడి బిగుస్తుంది.

గుర్తుచేసుకుని చెప్పిన సమాచారమే కదా అన్న అభ్యంతరానికి ఇంకొక జవాబు బ్రిటన్‌లో ఉంది. 1958 మార్చిలో ఒకే వారంలో అక్కడ పుట్టిన పిల్లలందరినీ పుట్టినప్పటినుంచే అనుసరిస్తూ వచ్చారు. ఏడేళ్ళ వయసులో ఆ ఇంటి పరిస్థితి ఏమిటో అప్పుడే రాసిపెట్టుకున్నారు, తర్వాత గుర్తు చేసుకున్నది కాదు. 45 ఏళ్ళకు ఒళ్ళంతా నొప్పి ఎంతమందికి ఉందో చూశారు. 2009లో వచ్చిన ఆ వ్యాసం ప్రకారం తల్లి చనిపోయిన పిల్లలకు ఆ ముప్పు దాదాపు రెట్టింపు. అనాథాశ్రమాల వంటి చోట్ల పెరిగినవాళ్ళకు 1.7 రెట్లు, కుటుంబం డబ్బుకు కటకటలాడిన పిల్లలకు 1.6 రెట్లు, రోడ్డు ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో చేరినవాళ్ళకు 1.5 రెట్లు. ముప్పు పెరుగుతుందంటే అందరికీ వస్తుందని కాదు. తల్లి లేని పిల్లల్లో కూడా ఎక్కువమందికి నొప్పి రాలేదు.

లెక్కలమాస్టారు
ఇది బలమైన సాక్ష్యం. ఏడేళ్ళప్పుడే రాసుకున్న సమాచారం కాబట్టి నా అభ్యంతరం దీనికి వర్తించదు. అయితే అక్కడ హింసను నేరుగా కొలవలేదు, లేమిని, విడిపోవడాన్ని కొలిచారు. ఆ తేడా మరచిపోకండి.

కంచుమేళం
డబ్బుకు కటకట అంటే మా ఊరంతా ఆ లెక్కలోకి వస్తుంది.

మాంట్రియల్_మంచు
నిజమే, వస్తుంది. అందుకే దీన్ని ఒక్కొక్క ఇంటి సమస్యగా చూడకూడదు.

శరీరంలో ఏం మారుతుందో అడిగేవాళ్ళకు కొంచెం చెప్తాను. భయం కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి, అక్కడనుంచి మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞ వెళ్తుంది. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను విడుదలవుతుంది. పని అయ్యాక ఆ కార్టిసాలే మెదడుకు చేరి "ఇక చాలు" అని ఆపుతుంది. నేనుంటున్న ఊళ్ళోనే, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం ఈ ఆపే భాగం ఎలా తయారవుతుందో తల్లి ఎలుకల్లో చూసింది. కొన్ని తల్లులు పిల్లలను బాగా నాకుతాయి, కొన్ని తక్కువ. తక్కువ నాకించుకున్న పిల్లల మెదడులో కార్టిసాల్‌ను పట్టుకునే గ్రాహకాలు తక్కువ. ఆ గ్రాహకాలను తయారుచేసే జన్యువు మీద, దాని పనిని తగ్గించే మిథైల్ అనే రసాయన గుర్తులు ఎక్కువగా పడి ఉన్నాయని 2004లో చూపించారు. అంటే వాటికి భయం మొదలైతే త్వరగా చల్లారదు.

ఇందులో నాకు చాలా నచ్చిన సంగతి ఒకటుంది. తక్కువ నాకే తల్లికి పుట్టిన పిల్లను ఎక్కువ నాకే తల్లి దగ్గర పెంచితే అది పెంచిన తల్లి పిల్లలాగే తయారైంది. కన్న తల్లి నుంచి వచ్చిన రాత కాదన్నమాట. చల్లారని వ్యవస్థకు నిద్ర పాడవుతుంది, కండరాలు బిగుసుకుని ఉంటాయి, మెదడు నుంచి వెన్నుపాముకు దిగి నొప్పిని అణిచే దారులు నీరసిస్తాయి. నొప్పి పెరగడానికి ఇవన్నీ దారి తీస్తాయి. ఎలుకల్లో చూసినది మనుషుల్లో అచ్చంగా అలాగే ఉంటుందని అనను, దిశ మాత్రం తెలుస్తుంది.

రెండో_షిఫ్టు
నేను నవజాత శిశువుల ఐసీయూలో నర్సుని. రాత్రి డ్యూటీ అయ్యాక ఇది చదివి పడుకోలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

మీరంతా ఏడేళ్ళు, పన్నెండేళ్ళు అంటున్నారు. మొదలు ఇంకా ముందుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు నొప్పి పూర్తిగా తెలియదని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. 1980ల మధ్య వరకు పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా నెలలు నిండని బిడ్డలకు కదలకుండా చేసే మందు, కొంచెం నైట్రస్ ఆక్సైడ్ అనే తేలికపాటి మత్తు వాయువు ఇచ్చి ఛాతీ కోసి ఆపరేషన్ చేసిన సందర్భాలున్నాయి. బిడ్డ ఏడవలేదు, ఎందుకంటే ఏడవడానికి వీలులేని మందు ఇచ్చారు. మా ట్రైనింగ్‌లో ఇది చెప్పినప్పుడు తరగతిలో ఎవరమూ మాట్లాడలేకపోయాం.

దీన్ని మార్చినవారిలో ముందు చెప్పుకోవలసిన మనిషి మన దేశంవాడే. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళిన డాక్టర్ కె.ఎస్. ఆనంద్. ఆపరేషన్ అయి తిరిగి వచ్చిన బిడ్డల పరిస్థితి ఎందుకు అంతగా దిగజారుతోందో ఆయన పట్టుబట్టి వెతికారు. నొప్పి తగ్గించే ఫెంటానిల్ కూడా ఇచ్చిన బిడ్డల్లో ఒత్తిడి హార్మోన్లు చాలా తక్కువగా పెరిగాయని, ఆపరేషన్ తర్వాత చిక్కులు కూడా తగ్గాయని 1987లో చూపించారు. ఇవాళ నేను ఐసీయూలో ఏ బిడ్డకైనా నొప్పి మందు వేస్తున్నానంటే దాని వెనక ఆయన ఉన్నారు.

అలాగని అంతా బాగుపడిందని అనుకోకండి. పారిస్ ప్రాంతంలోని శిశు ఐసీయూలలో లెక్కపెట్టి 2008లో ప్రచురించారు: ఒక్కో బిడ్డకు రోజుకు సుమారు 10 నొప్పి కలిగించే పనులు. మడమ పొడవడం, ట్యూబు వేయడం, ప్లాస్టరు పీకడం. వాటిలో దాదాపు ఐదింట నాలుగు నొప్పి తగ్గించే ఏ ప్రత్యేక ఏర్పాటూ లేకుండానే జరిగాయి. అన్ని వసతులూ ఉన్న చోట పరిస్థితి అది.

పాలపిట్ట
చదువుతుంటే పొట్టలో దేవినట్టయింది. ఆ బిడ్డలు పెద్దయ్యాక ఏమవుతారు?

మాంట్రియల్_మంచు
లండన్‌లో మరియా ఫిట్జెరాల్డ్ బృందం దశాబ్దాలుగా ఈ ప్రశ్న మీదే ఉంది. పుట్టిన మొదటి వారంలో ఎలుకపిల్ల పాదానికి చిన్న కోత పెడితే పెద్దయ్యాక రెండు రకాల ఫలితాలు. మామూలు సమయంలో దానికి స్పర్శ, వేడి కొంచెం తక్కువగా తెలుస్తాయి. కానీ అదే చోట మళ్ళీ గాయమైతే మాత్రం మిగతా ఎలుకల కన్నా చాలా ఎక్కువ, ఎక్కువకాలం నొప్పి. వెన్నుపాములోని మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు మొదటి గాయాన్ని గుర్తుంచుకుని రెండోసారి అతిగా స్పందిస్తున్నాయని 2012లో చూపించారు. మొదటి కోత సమయంలోనే ఆ నరాన్ని మత్తుమందుతో మొద్దుబారిస్తే ఈ మార్పు రాలేదు. రెండో_షిఫ్టు గారూ, మీరు వేసే ఆ మందు విలువ ఇదీ.

మనుషుల్లో సువెలెన్ వాకర్ బృందం చూసింది. 1995లో బ్రిటన్, ఐర్లండ్‌లలో 26 వారాలలోపే పుట్టిన పిల్లలను 11 ఏళ్ళకు పరీక్షిస్తే వేడి, చలి తెలియడం తోటి పిల్లల కన్నా తగ్గింది. పుట్టిన కొత్తలో ఆపరేషన్ జరిగినవాళ్ళలో ఇంకా తగ్గింది.

బుల్లి_నాన్న
ఆగండి. మా వాడు ఏడో నెలలో పుట్టాడు. చాలాకాలం ఐసీయూలో ఉన్నాడు. ఆ మడమలు నల్లగా కమిలిపోయి ఉండేవి. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతున్నా ఏడవడు, వచ్చి చూపిస్తాడు అంతే. బంధువులు "ఎంత ధైర్యవంతుడో" అంటారు. నేనూ గర్వపడేవాణ్ణి. ఇప్పుడు భయమేస్తోంది. వాడికి నొప్పి సరిగా తెలియడం లేదా? లేక పెద్దయ్యాక గోరింట గారిలా అవుతుందా?

రెండో_షిఫ్టు
బుల్లి_నాన్న గారూ, ఆ సూదులే వాడి ప్రాణం నిలిపాయి. అది మొదట గుర్తు పెట్టుకోండి. వేడి గిన్నె, వేడి నీళ్ళ దగ్గర కొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఉండండి, దెబ్బ తగిలినప్పుడు వాడు ఏడవలేదని వదిలేయకుండా మీరే చూడండి. ఎముక విరిగినా ఏడవకపోవడం, నాలుక కొరుక్కోవడం వంటివి ఉంటే పిల్లల డాక్టర్‌కు చెప్పండి. అవి లేకపోతే వాడు వాడిలాగా పెరుగుతున్నాడు. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టర్‌కు నెలలు నిండకుండా పుట్టిన సంగతి తప్పకుండా చెప్పండి.

నడుంపట్టీ
ఇంకొక మాట. "ఎంత ధైర్యవంతుడో" అని పొగడటం తగ్గించండి. నొప్పి చెప్పుకుంటే మెచ్చుకోలు పోతుందని పిల్లలు త్వరగా నేర్చుకుంటారు. "నొప్పిగా ఉందా?" అని అడిగి జవాబు వినండి చాలు.

కంచుమేళం
ఈ మాట నాకు తగిలింది. మా ఇంట్లో ఏడిస్తే ఇంకొక దెబ్బ పడేది. నొప్పి చెప్పే అలవాటే లేదు మాకు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. కష్టపడ్డవాళ్ళందరూ జబ్బుపడలేదు. ఎందుకని? దానికి ఎవరూ జవాబు చెప్పరేం?

లెక్కలమాస్టారు
ఇది మంచి ప్రశ్న. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన పిల్లలందరినీ ఎమ్మీ వెర్నర్ దశాబ్దాలపాటు అనుసరించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక వ్యాధులు వంటి ముప్పులు పేరుకున్న పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది నిలకడగా, బాధ్యతగా ఎదిగారు. వాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు గట్టిగా పట్టుకోవడానికి ఒక పెద్దమనిషి దొరికింది. అమ్మమ్మ, పిన్ని, టీచరు, ఎవరైనా సరే. ఆ అధ్యయనం నొప్పిని కొలవలేదు, అది వేరే. కానీ మీ ప్రశ్నకు దగ్గరి జవాబు అక్కడ ఉందనుకుంటాను.

కంచుమేళం
మా నాయనమ్మ ఉండేది. నాన్న చెయ్యి ఎత్తితే అడ్డం వచ్చేది. రాత్రి వీపుకు ఆముదం రాసేది.

వాన_చినుకు
నాకు ఆ నాయనమ్మ దొరకలేదండి. తేడా అంతే.

బడిలో కొట్టడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. అయినా నేను పనిచేసే ఊళ్ళో తల్లిదండ్రులే వచ్చి "రెండు తగిలించండి మాస్టారూ" అని చెప్పి వెళ్తున్నారు. నేను టీచర్ని. ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు, ఎత్తను. దెబ్బ తిన్న పిల్ల ముఖం ఎలా ఉంటుందో నాకు లోపలినుంచి తెలుసు.

గోరింట
రెండు రోజులుగా అన్నీ చదివాను, మా ఆయన కూడా చదివారు. ఇక్కడ పేరు తెలియదు కాబట్టి చెప్తున్నాను. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ పోయింది. ఆ తర్వాత ఒక బంధువుల ఇంట్లో పెరిగాను. తిండికి లోటు లేదు, కానీ ఎప్పుడు ఏ తప్పు పట్టుకుంటారో అని ఒళ్ళు బిగబట్టుకుని ఉండేదాన్ని. ఇప్పటికీ గిన్నె కిందపడిన చప్పుడు వస్తే భుజాలు చెవులదాకా లేస్తాయి. ఇన్నాళ్ళూ అది నా స్వభావం అనుకున్నాను.

ఆ బ్రిటన్ లెక్కలో "తల్లి చనిపోయిన పిల్లలు" అని చదివినప్పుడు కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. బాధగా ఉంది, కానీ కోపం తగ్గింది. ఇప్పుడు నా ప్రశ్న వేరు. జరిగినదాన్ని మార్చలేం. మరి ఈ నొప్పి తగ్గుతుందా, తగ్గదా? ఏం చెయ్యాలి?

కొండగాలి
ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ చూస్తాను. సూటిగా చెప్తాను, తగ్గుతుంది. పూర్తిగా మాయమవుతుందని మాటివ్వలేను, చాలామందికి బతుకు సులువవుతుంది.

ముందు మామిడితోట గారి మాటలోని నిజం. వేరే జబ్బు లేదని చూసుకోవడం అవసరం. కీళ్ళు వాచినా, ఉదయం బిగుతు గంట దాటి ఉన్నా, జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చి లేచి తిరిగితే తగ్గుతున్నా మళ్ళీ చూపించుకోవాలి. ఫైబ్రోమయాల్జియా ఉన్నంతమాత్రాన ఇంకే జబ్బూ రాకూడదని లేదు.

తర్వాత వ్యాయామం. ఐరోపా కీళ్ళవ్యాధుల నిపుణుల సంఘం 2016లో అన్ని చికిత్సలనూ తూచి చూసి గట్టిగా సిఫారసు చేసినది దీన్ని ఒక్కదాన్నే. మొదటి రోజే గంట నడిచి మర్నాడు మంచం ఎక్కితే "వ్యాయామం నాకు పడదు" అని మానేస్తారు. చేయగలననుకున్నదానిలో సగంతో మొదలుపెట్టి, నొప్పి ఎక్కువైన రోజున కూడా పూర్తిగా మానకుండా, తక్కువైన రోజున రెట్టింపు చేయకుండా వారాల తరబడి పెంచాలి. నిద్రకు, నొప్పికి తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్, కొందరికి డులోక్సెటిన్ లేదా ప్రీగాబలిన్ ఇస్తాం. ఇవి కుంగుబాటుకో మూర్ఛకో వాడే మందులని కాగితంలో చదివి భయపడి మానేయకండి. నొప్పిని అణిచే నాడీమార్గాల మీద పనిచేస్తాయనే ఇస్తాం. నొప్పి బిళ్ళలు అదేపనిగా మింగితే మూత్రపిండాలు పాడవుతాయి, ఈ రకం నొప్పి మీద వాటి ప్రభావం అంతంతమాత్రమే.

మూడోది, మీ ప్రశ్నకు దగ్గరిది. నడుం నొప్పి ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు కొలరాడోలో ఒక మాటల చికిత్స ఇచ్చారు. నొప్పి ప్రమాదానికి గుర్తు కాదని మెదడుకు మళ్ళీ నేర్పడం దాని సారం. 2022లో ఫలితాలు వచ్చాయి: చికిత్స పొందినవారిలో 66 శాతం మందికి నొప్పి పోయింది లేదా దాదాపు పోయింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చినవారిలో అది 20 శాతం, మామూలు వైద్యంతో 10 శాతం. అది ఫైబ్రోమయాల్జియా కాదు, ఒక్క అధ్యయనమే. అయినా ముదిరిన నొప్పి కూడా మారగలదని చూపించింది. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ళకే ప్రత్యేకంగా, లోపల అణచిపెట్టిన కోపాన్ని, దుఃఖాన్ని బయటకు మాట్లాడించే పద్ధతిని మార్క్ లమ్లీ, హోవార్డ్ షుబినర్ బృందం పరీక్షించి 2017లో మంచి ఫలితాలే ప్రకటించింది.

మన దగ్గర ఈ పద్ధతుల్లో శిక్షణ ఉన్నవాళ్ళు తక్కువ. మంచి క్లినికల్ సైకాలజిస్టును అడగండి. వాన_చినుకు గారూ, మీకు కూడా చెప్తున్నాను. దగ్గరలో ఎవరూ లేకపోతే మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

గోరింట
"గంట నడిచి మర్నాడు మంచం ఎక్కితే" అన్నది అచ్చంగా నేనే. రేపటినుంచి వీధి చివర గుడిదాకా, వెనక్కి. అంతే. మా ఆయన తోడు వస్తానన్నారు.

వాన_చినుకు
ధన్యవాదాలు కొండగాలి గారూ. నంబరు రాసుకున్నాను.

మామిడితోట
గోరింట అక్కా, గుడి దగ్గర అరుగు మీద కూర్చుని కబుర్లలో పడితే వ్యాయామం కింద లెక్కకు రాదు, ముందే చెప్తున్నాను. 😊

పాలపిట్ట
ఒక చిన్న ప్రశ్న. మా పాపకు నెలన్నర. వచ్చే బుధవారం టీకా. ఇదంతా చదివాక ఆ సూది తలచుకుంటే గుండె దడగా ఉంది. టీకా వాయిదా వెయ్యాలా?

రెండో_షిఫ్టు
అస్సలు వద్దమ్మా. ఆ జబ్బులు తెచ్చే బాధ ముందు సూది బాధ ఎంత? వాయిదా వెయ్యకుండా నొప్పి తగ్గించే దారి ఉంది. కెనడాలో ఆనా టాడియో అనే పరిశోధకురాలు 1997లో చూపించారు: పుట్టగానే నొప్పి మందు లేకుండా సున్తీ చేసిన మగపిల్లలు నాలుగు, ఆరు నెలల టీకాలకు మిగతావాళ్ళ కన్నా ఎక్కువ ఏడ్చారు, మొద్దుబార్చే పూత రాసి చేసినవాళ్ళు కొంత తక్కువ ఏడ్చారు. టీకా నొప్పి తగ్గించడం మీద ఆ తర్వాత చాలా పని జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో సూచనలిచ్చింది.

పాపను బల్ల మీద పడుకోబెట్టకు, నీ ఒళ్ళోనే పెట్టుకో. సూదికి కొంచెం ముందే పాలు పట్టడం మొదలుపెట్టి, వేస్తున్నప్పుడు, అయ్యాక కూడా పట్టు. నోట్లో చుక్కలు వేసే రోటా టీకా ముందు వేయించు, సూదులు తర్వాత. సూదుల్లో కూడా ఎక్కువ నొప్పి పెట్టేది చివర వేయమని అడుగు. నొప్పి రాకుండా అని ముందుగానే పారాసెటమాల్ వేయకు. తర్వాత జ్వరం వస్తే నర్సు చెప్పిన మోతాదులో వేయవచ్చు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాలిస్తూ వేయించుకుంటానని ఏఎన్ఎమ్‌కు ముందే చెప్పు, కాదనరు.

పాలపిట్ట
సరే అక్కా. ఒళ్ళో పెట్టుకునే వేయిస్తాను. రోటా ముందు, ఎక్కువ నొప్పిది చివర. రాసుకున్నాను.